డిస్కుల మార్పిడి: కవచము లేని గంటలు

ఏ దోషమును చూపక చక్కగా తిరుగుచున్న డిస్కును యజమాని తన చేతులతోనే పెట్టెలోనుండి పెరికి, దాని స్థానమున క్రొత్తదానిని చొప్పించి, లోపించిన సమాచారమును మిగిలిన మూడు డిస్కులును కలసి మరల లెక్కకట్టి క్రొత్తదానిపై వ్రాయువరకు వేచియుండుట, పిమ్మట రెండవదానికిని మూడవదానికిని నాల్గవదానికిని అదే విధముగా చేయుట: ఇంటి నాస్ పెట్టెలో స్థలము పెంచుకొనుట యనగా స్థూలముగా ఇంతే. పని చిన్నది, ఒక స్క్రూడ్రైవరును కొంత ఓపికయు ఉన్న చాలును. అయినను, ఒక డిస్కు చెడినను సమాచారము చెడకుండుటకై నిర్మింపబడిన యంత్రమునుండి ఆ రక్షణను యజమానియే, ఒక పర్యాయము కాదు, నాలుగు పర్యాయములు, పర్యాయమునకు కొన్ని గంటల చొప్పున, బుద్ధిపూర్వకముగా తీసివేయుచున్నాడన్న సంగతి ఈ పనికి పూనుకొనువారిలో పెక్కురకు తోచదు. ఈ వ్యాసమున నేను ముఖ్యముగా చెప్పదలచినది ఆ గంటలను గూర్చియే.

నాస్ పెట్టె యనునది ఇంటి రౌటరుకు తీగతో కలుపబడి, ఇంటివారి ఫోనులకును ల్యాప్‌టాపులకును టీవీకిని ఉమ్మడి భాండాగారముగా పనిచేయు ఒక చిన్న కంప్యూటరు. సినాలజీ, క్యూనాప్ మొదలైన సంస్థలు వీనిని సిద్ధముగా తయారుచేసి అమ్ముచున్నవి. పాత కంప్యూటరులో ఉచిత సాఫ్టువేరును ఎక్కించి స్వయముగా కూర్చుకొనువారును కలరు. ముందు ట్రేలు, వెనుక ఫ్యాను, లోపల చాలవరకు లినక్సు. మన లెక్కకు నాలుగు ట్రేల పెట్టెను, అందులో ఒక్కొక్కటి 4 టెరాబైట్లు పట్టు డిస్కులు నాలుగింటిని తీసికొందము. కొన్ననాడు ఇది ఎన్నటికి నిండునోయని యనిపించును. కాని ఫోనులో తీసిన 4కె వీడియో నిమిషమునకు కొన్ని వందల మెగాబైట్లు మింగును. పెండ్లి వీడియో తీసినవారు అప్పగించిపోయిన సరుకును, అమెరికానుండి కుమార్తె పంపు మనుమల చిత్రములును, తాతలనాటి ఆల్బములను స్కాను చేయించి దాచినవియు ఒకదానిపై నొకటి చేరును. ఒకనాడు స్థలము తొంబది శాతము దాటినదని పెట్టె ఈమెయిలు పంపును. అప్పుడు 8 టెరాబైట్ల డిస్కులు నాలుగు కొందమన్న ఆలోచన సహజముగా పుట్టును.

ఒక డిస్కు లేకున్నను దానిలోని సమాచారము ఎట్లు తిరిగి లభించును? ఇందు మాయ ఏమియు లేదు. ప్రాథమిక పాఠశాల బాలుడు చేయగల సరి-బేసి లెక్క కలదు. మొదటి డిస్కులో 1011 అనియు, రెండవదానిలో 0110 అనియు, మూడవదానిలో 1100 అనియు వ్రాయబడియున్నవనుకొందము. వీనిని ఒకదానిక్రింద నొకటి పేర్చి, ఒక్కొక్క నిలువు వరుసలోని ఒకట్లను లెక్కించి, సరిసంఖ్య యైనచో 0, బేసి యైనచో 1 వేసికొనుడు. 0001 వచ్చును. దీనికి ప్యారిటీ యని పేరు. నాల్గవ డిస్కున వ్రాయబడునది ఇదియే. ఇప్పుడు రెండవ డిస్కును తీసివేయుడు. మిగిలిన 1011, 1100, 0001 లను పేర్చి మరల అదే లెక్క చేసినచో 0110 లభించును, పోయినదియు అదియే. ఏ డిస్కు పోయినను లెక్క మారదు. అయితే ప్యారిటీ నంతటిని ఒకే డిస్కున ఉంచినచో ఇంటిలో ఎవరు ఏది వ్రాసినను ఆ ఒక్క డిస్కుపైననే భారము పడును గనుక, రెయిడ్-5 అను పద్ధతిలో దానిని నాలుగు డిస్కులకును వంతుల చొప్పున పంచెదరు.

ఈ రెయిడ్ పద్ధతులను వర్గీకరించి, వాని గుణదోషములను లెక్కలతో నిరూపించి లోకమునకు తెలిపినది 1988లో ప్రకటితమైన ఒక పరిశోధనపత్రము. దానిని రచించినవారు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ విభాగమునకు చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కట్జ్. ఆనాటి పెద్ద కంప్యూటర్లకు ఐబీయం వారి 3380 వంటి మహాయంత్రములు, 7,500 మెగాబైట్లు పట్టునవి, ఉండెడివి. చిన్న కంప్యూటర్లకు 100 మెగాబైట్ల చౌక డిస్కులు అప్పుడప్పుడే వచ్చుచుండెను. పెద్దది ఒకటి కొనుటకంటె చిన్నవి అనేకము కూర్చినచో వేగమును కలిసివచ్చును, ధనమును మిగులునని వారు చూపిరి. కాని అదే పత్రమున వారు వేసిన మరియొక లెక్కయే నాకు అధిక ముఖ్యముగా కనబడును: సగటున 30,000 గంటలు పనిచేయు డిస్కులను 100 ఒకచోట కూర్చినచో, ఆ సమూహమున తొలి వైఫల్యము సగటున 300 గంటలకే, అనగా రెండు వారములైనను గడువకమునుపే, సంభవించును. డిస్కుల సంఖ్య పెరిగినకొలది ఎక్కడనో ఒకటి చెడుట అనివార్యము. కావున చెడినను బ్రతుకు విధానము కావలెను. ప్యారిటీ వచ్చినది అందుకు. ఇంటి మూల కూర్చున్న నాలుగు ట్రేల పెట్టెయు ఆ పత్రపు వారసత్వమునే అనుభవించుచున్నది.

ఇక పరిమాణపు లెక్క. రెయిడ్-5లో నాలుగు డిస్కులున్నచో మూడింటి స్థలము మనది, ఒకదాని స్థలము ప్యారిటీది. నాలుగు 4 టెరాబైట్ల డిస్కులకు 12 టెరాబైట్లు దక్కును. నాలుగు 8లకు 24. అయితే సమూహములో మిక్కిలి చిన్న డిస్కు ఎంతయో తక్కినవియు అంతటివేయని రెయిడ్-5 పరిగణించును. అందుచేత మూడు డిస్కులను మార్చి ఒకదానిని పాతదానిగానే ఉంచినవానికి ఒక్క మెగాబైటు కూడ అదనముగా లభింపదు. నాల్గవదియు మారి, విస్తరణకు ఆజ్ఞ యిచ్చిన పిమ్మటనే స్థలము కానవచ్చును. ఈ విషయము నెరుగక నడిమధ్య కంగారుపడువారు లేకపోలేదు. సినాలజీ వారి ఎస్‌హెచ్ఆర్ వంటి పద్ధతులు డిస్కులను ముక్కలుగా విభజించి చూచుటచేత, రెండు డిస్కులు మారిన వెంటనే కొంత లాభము చూపగలవు: 8, 8, 4, 4 ఉన్నప్పుడు మొత్తము 24లో పెద్ద డిస్కు ఒకదానిని తీసివేయగా 16 దక్కును. ఇంకొక చిక్కు: డిస్కును అమ్మువాడు టెరాబైటనగా లక్ష కోట్ల బైట్లని లెక్కించును, పెక్కు యంత్రములు 1,09,951 కోట్లకు పైబడిన రెండు యొక్క నలువదవ ఘాతముచే భాగించి చూపును. అందుచేత 8 అని పెట్టెపై అచ్చువేసినది తెరమీద 7.28గా కనబడును. దుకాణదారుడు మోసగించలేదు.

అసలు విషయమునకు వత్తము. మొదటి పాత డిస్కును బయటికి లాగిన క్షణమున పెట్టె బీప్‌మని మొరపెట్టును. తెరమీద "డీగ్రేడెడ్" అను మాట ఎఱ్ఱగా గాని నారింజ వన్నెగా గాని వెలయును. ఆ క్షణమునుండి మిగిలిన మూడు డిస్కులలో ఏదియు చెడగూడదు. అంతియే కాదు, ఆ మూడును తమయందలి ప్రతి సెక్టారును, అనగా వ్రాతకు ఏర్పడిన ప్రతి చిన్న గడిని, సంవత్సరముల తరబడి ఎవరును తాకని మూలలతో సహా, మొదటినుండి చివరవరకు చదివి ఒప్పజెప్పవలెను. సెకనుకు సగటున 150 మెగాబైట్లు చదువగలవనుకొన్నను 4 టెరాబైట్లకు ఏడు గంటలు దాటును. అదే 20 టెరాబైట్ల డిస్కులైనచో సెకనుకు 200 చొప్పున చదివినను ఇరువది ఎనిమిది గంటలు. తెరమీది శాతము మొదట వడిగా పెరిగి చివరకు మందగించుట చూచి భయపడనక్కరలేదు: డిస్కు వ్రాత బయటి అంచున ఆరంభమై లోపలికి సాగును, లోపలి వలయములు చిన్నవి గనుక ఒక్క చుట్టునకు వచ్చు సమాచారము తక్కువ, వేగము ఇంచుమించు సగమునకు పడిపోవును.

ఆ గంటలలో ప్రమాదము రెండు రూపములుగా పొంచియుండును. డిస్కు పూర్తిగా నిలిచిపోవుట ఒకటి. ఈ నాలుగును ఒకేనాడు ఒకే దుకాణములో కొన్నవి, ఒకే వేడిమిలో ఒకే సంఖ్యలో గంటలు తిరిగినవి. కావున వార్ధక్యమును ఇంచుమించు ఒకేసారి సమీపించును. రెండవది సూక్ష్మతరమైనది: డిస్కు బ్రతికియేయుండును గాని ఒక సెక్టారును మాత్రము చదువలేకపోవును. గృహోపయోగపు డిస్కుల వివరపత్రములలో నూరు లక్షల కోట్ల బిట్లకు, అనగా 12.5 టెరాబైట్లకు, ఒకటికి మించి ఇట్టి దోషము రాదని వ్రాయుట కద్దు. మన మూడు డిస్కులను ఒక్కమారు సాంతముగా చదువుట 12 టెరాబైట్లు. నాలుగు మార్పిడులకు నాలుగింతలు. ఈ సంఖ్యను పట్టుకొని రెయిడ్-5 చచ్చినదని ప్రకటించినవారు కలరు. అది అతిశయోక్తి, ఆ సంఖ్య తయారీదారు హామీయిచ్చు గరిష్ఠపరిమితియే గాని ప్రతి డిస్కును తప్పక చేయు అపరాధము కాదు, ఆచరణలో మంచి డిస్కులు అంతకంటె ఎంతో మేలుగా ప్రవర్తించును. ఉన్నతశ్రేణి డిస్కులకు హామీయే పదిరెట్లు ఎక్కువ. అయినను, ఒక్క సెక్టారు చాలు ఒక్క ఫొటో పోవుటకు. కొన్ని యంత్రములలో రీబిల్డు, అనగా ఈ పునర్నిర్మాణము, మొత్తము నిలిచిపోవుటకును.

డిస్కు తన రోగమును ముందుగా చెప్పదా? కొంతవరకు చెప్పును. స్మార్ట్ అను స్వయంపరీక్షావ్యవస్థ ప్రతి డిస్కునందును కలదు. అందు 5వ సంఖ్య గల గుణము స్థానము మార్చిన సెక్టారులను, 197వది చదువలేక పెండింగులో ఉన్నవానిని, 198వది సరిదిద్దలేనివానిని లెక్కించును. ఇవి సున్న కాకుండుట శుభసూచకము కాదు. 199 పెరిగినచో డిస్కును శంకింపక ముందు తీగను, ట్రే వెనుకనున్న కనెక్టరును చూడవలెను. 2007లో గూగుల్ పరిశోధకులు ముగ్గురు, పిన్హీరో, వెబర్, బరోసో, లక్షకు పైబడిన డిస్కులను పరిశీలించి ప్రకటించిన పత్రమున, స్కాను చేయునప్పుడు మొదటి దోషము కనబడిన డిస్కు, దోషము లేనిదానికంటె, తరువాతి 60 దినములలో చెడు సంభావ్యత 39 రెట్లు ఎక్కువయని తేలినది. దీనితోపాటు మరియొక కఠినసత్యమును తేలినది: చెడిన డిస్కులలో మూడవవంతుకు పైగా ఇట్టి హెచ్చరిక ఏదియు ఇయ్యకయే చెడినవి. కావున స్మార్ట్ చెడ్డవార్త చెప్పినచో నమ్మవలెను; మంచివార్త చెప్పినచో సంతోషించి, జాగ్రత్తను విడువకుండవలెను. ఆ పత్రమున వేడిమికిని వైఫల్యమునకును లోకము తలచినంత గాఢసంబంధము కనబడకపోవుట విశేషము. అయితే వయసు మళ్లిన డిస్కులకు, మితిమీరిన వేడిలో, ఆ ఊరట వర్తింపదు.

క్రొత్త డిస్కును చేతబట్టినవాడు ఒక్క నిమిషము దాని నిర్మాణమును తలపోయుట తగును. మూడున్నర అంగుళముల డిస్కులో సుమారు 95 మిల్లీమీటర్ల వ్యాసము గల ఫలకములు నిమిషమునకు 7,200 చుట్లు తిరుగునప్పుడు, వాని అంచు గంటకు సుమారు 130 కిలోమీటర్ల వేగమున పరుగిడును. ఆ ఫలకముపై కొన్ని నానోమీటర్ల ఎత్తున హెడ్డు తేలియాడుచు చదువును. మామూలు డిస్కు పైమూతపై ఒక సన్నని రంధ్రమును, దానిని మూయరాదన్న హెచ్చరికయు కనబడును. లోపలి బయటి వాయుపీడనములు సమానమగుటకై వడపోత గుడ్డ వెనుక అమర్చిన శ్వాసరంధ్రమది. పెద్ద డిస్కులలో ఆ రంధ్రము ఉండదు. వానిలో గాలికి బదులు హీలియమును నింపి లేజరుతో అతికి మూసివేసెదరు. 2013లో హెచ్‌జీఎస్‌టీ సంస్థ ఏడు ఫలకములు గల 6 టెరాబైట్ల డిస్కును ఈ విధముగ విడుదల చేసినది. హీలియపు సాంద్రత గాలిలో ఏడవవంతు. తిరుగు ఫలకములకు ఒరపిడి తగ్గును, సుడిగుండముల కంపము తగ్గును, అందుచేత ఫలకములను పలుచగా చేసి ఎక్కువ సంఖ్యలో దగ్గరదగ్గరగా ఇముడ్చుటకు వీలగును, కరెంటును వేడియు తగ్గును.

ఈ వాయువు కథలో మన గుంటూరునకు చోటున్నదని స్మరించుట అప్రస్తుతము కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకై ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాన్సెన్ గుంటూరునకు వచ్చి, సూర్యుని అంచున లేచు జ్వాలల వర్ణపటమును చూచి, ఆ ప్రకాశరేఖలు గ్రహణము లేకున్నను కనబడగలవని గ్రహించి, మరునాడే చూడగలిగెను. ఆ గ్రహణమున మచిలీపట్నమున పరిశీలించినవారిలో మద్రాసు నక్షత్రశాలకు చెందిన పోగ్సన్ ఉండెను. జ్వాలలలో కనబడిన పసుపు రేఖను తొలుత సోడియపుదిగా భావించిరి. అదే సంవత్సరము ఇంగ్లండులో లాకియర్ దానిని పరిశీలించి, సోడియపు రేఖలతో అది సరిపోలదనియు, ఎరుగని మూలకమొకటి సూర్యునియందు కలదనియు ఊహించెను. భూమిమీద ఆ మూలకమును రామ్సే పట్టుకొన్నది 1895లో. హీలియము డిస్కుపై ఇవన్నియు వ్రాయరు గాని, వ్రాసియుండిన గుంటూరువారు కొంత గర్వించియుందురు.

కొనునప్పుడు పరిమాణమును ధరను చూచి సరిపెట్టుకొనరాదు. వ్రాయు విధానమును చూడవలెను. డిస్కులో చదువు హెడ్డుకంటె వ్రాయు హెడ్డు వెడల్పు. ఈ అవకాశమును ఆసరాగొని, ఒక వలయమును వ్రాసి దాని అంచును కప్పుచు తరువాతి వలయమును వ్రాయుట ఎస్ఎంఆర్ అను విధానము. కోనసీమ పెంకుటింటి కప్పుపై పెంకులు ఒకదానిపై నొకటి కొంతమేర పరచుకొన్నట్లే. స్థలము కలిసివచ్చును, కాని నడుమనున్న ఒక పెంకును మార్చవలెనన్న పైవరుసలను కదపవలసినట్లే, ఒక వలయమును తిరిగి వ్రాయుటకు దాని తరువాతి వలయములను పెక్కింటిని మరల వ్రాయవలసియుండును. డిస్కు ఈ శ్రమను దాచుటకై వ్రాతలను మొదట వేరొక చిన్న చోట దాచుకొని, తీరికవేళ సర్దుకొనును. ఫొటోలు దాచుకొను ఒంటరి డిస్కునకు ఇది చాలును. రీబిల్డులో తీరికవేళ యనునది లేదు. గంటల తరబడి వ్రాతలు ఎడతెగక వచ్చిపడగా డిస్కు సతమతమై జవాబీయక మౌనము వహించును, పెట్టె దానిని చచ్చినదని భావించి వెలివేయును. 2020 ఏప్రిల్‌లో వెస్టర్న్ డిజిటల్ సంస్థ నాస్ పెట్టెల కొఱకే అమ్ముచున్న రెడ్ వరుసలో 2 నుండి 6 టెరాబైట్ల కొన్ని నమూనాలు ఇట్టి ఎస్ఎంఆర్ డిస్కులనియు, ఆ సంగతి కొనుగోలుదారులకు తెలుపబడలేదనియు బయటపడి గగ్గోలు పుట్టినది. పిమ్మట ఆ సంస్థ, వలయములు పరస్పరము కప్పుకొనని సీఎంఆర్ డిస్కులను రెడ్ ప్లస్ అను పేర వేరుచేసినది. సీఎంఆర్ డిస్కునే రెయిడునకు కొనవలెనని నేను నిస్సంకోచముగా చెప్పుదును. వివరపత్రమున ఆ మాట కానరాకున్న కొనకుండుటయే మేలు.

ఆరంభమునకు ముందు తయారీ కొంత కలదు. పెట్టె తయారీదారు ప్రకటించిన డిస్కుల జాబితాలో మనము కొనబోవు నమూనా ఉన్నదా యని చూడవలెను. అంతకంటె ముఖ్యమైనది వాల్యూము (డిస్కులన్నియు కలసి ఒకటిగా కనబడు స్థలము) పరిమితి: ఎక్స్‌టీ4 అను ఫైలు వ్యవస్థలో, 32 బిట్ల ప్రాసెసరు గల పాత పెట్టెలలో, ఒక వాల్యూము 16 టెబిబైట్లకు, అనగా ముందు చెప్పిన పెద్ద లెక్కన కొలుచు 16కు, మించలేదు. మన నాలుగు 8లు ఇచ్చు స్థలము ఆ లెక్కన 21.8, నాలుగు 6లు కొన్నను 16.4, వెంట్రుకవాసిలో మించును. ఇది ఎరుగక వేలు పోసి డిస్కులు తెచ్చి చివర గీత తాకి నిలిచిపోవుట కంటె, ముందుగానే పెట్టె ప్రాసెసరు వివరమును చూచుకొనుట సులభము. డిస్కులు ఇంటికి రాగానే కట్ట విప్పి ట్రేలో పెట్టవద్దు. ఒక్కొక్కదానికి స్మార్ట్ దీర్ఘపరీక్ష నడుపుడు. ఒక పగలు గాని ఒక రాత్రి గాని పట్టును. పుట్టుకతో లోపమున్న డిస్కు మొదటి దినములలోనే చెడుట ఎక్కువ. అది వారంటీ వాపసులో పోవుట మేలు గాని రీబిల్డు నడుమ పోవుట మేలు కాదు. సాధ్యమైనచో నాలుగును ఒకే లాటునుండి గాక రెండు దుకాణముల నుండి తెప్పించుడు.

పాత డిస్కులపై స్క్రబ్బింగు అను సమగ్రపఠనమును ఒకమారు నడుపవలెను. ఎక్కడనైన చదువరాని సెక్టారున్నచో రక్షణ ఉండగానే బయటపడి ప్యారిటీ సహాయమున దిద్దబడును. ట్రేల వరుస సంఖ్యలను, డిస్కుల సీరియలు నంబర్లను కాగితముపై వ్రాసి దగ్గర ఉంచుకొనుడు. మూడవదానికి బదులు రెండవదానిని లాగుట ఈ పనిలో మిక్కిలి సామాన్యమైన పొరపాటు. పిమ్మట ఒక డిస్కు తీసి ఒకటి పెట్టి, రీబిల్డు ముగిసి "హెల్దీ" యను మాట వచ్చినదాక రెండవదాని జోలికి పోరాదు. ఆ గంటలలో ఎవరును క్రొత్త వీడియోలు ఎక్కింపకుండినచో రీబిల్డు వడిగా ముగియును. తీసిన పాత డిస్కులను చెరపక వరుసగా దాచుడు. పెట్టెలో ఖాళీ ట్రే ఉండి, సాఫ్టువేరు అనుమతించినచో, పాత డిస్కు లోపలనే పనిచేయుచుండగా దానిని క్రొత్తదానిపైకి ప్రతిచేసి తరువాత తొలగించు సదుపాయము లినక్సులో కలదు. అప్పుడు రక్షణ ఒక్క గంటయైనను తొలగదు.

ఖాళీ ట్రే లేనివారికి నేను మెచ్చు మార్గము వేరొకటి కలదు. ముందుగా సర్వస్వమును ఒక పెద్ద బయటి డిస్కులోనికి ప్రతిచేయుడు. ఆ ప్రతినుండి కొన్ని ఫైళ్లను తెరచి చూచి నమ్మకము కుదుర్చుకొనుడు. పెట్టె అమరికలను ఎగుమతి చేసి దాచుడు. పిమ్మట యంత్రమును ఆపి, పాత డిస్కులు నాలుగింటిని ఒకేమారు తీసి వరుస సంఖ్యలతో అలమరలో పెట్టి, క్రొత్తవి నాలుగును ఎక్కించి, సమూహమును మొదటినుండి నిర్మించి, ప్రతినుండి సమాచారమును తిరిగి దించుకొనుడు. యూఎస్‌బీ డిస్కు సెకనుకు 200 మెగాబైట్లు ఇచ్చిన 12 టెరాబైట్లకు పదునేడు గంటలు. గిగాబిట్ తీగ మీదుగానైన ముప్పది గంటలకు లోపు. నాలుగు రీబిల్డులు వరుసగా చేసినను పట్టు కాలము ముప్పది గంటలే. కాలమున పెద్ద భేదము లేదు. క్షేమమున మిక్కిలి భేదము కలదు. ఈ మార్గమున పాత సమూహము చెక్కుచెదరక అలమరలో ఉండును, ఒక ప్రతియు చేతనుండును. ఏది తప్పినను పాతవానిని మరల ఎక్కించి నిన్నటి స్థితికి పోవచ్చును. పైగా ఈ సందర్భముననే రెయిడ్-5ను విడిచి, రెండు డిస్కులు పోయినను తట్టుకొను రెయిడ్-6నో, దోషములను తానే కనిపెట్టు నవీన ఫైలు వ్యవస్థనో ఎంచుకొనవచ్చును. బయటి డిస్కునకు అదనపు ఖర్చగునను ఆక్షేపమునకు నా సమాధానమొకటే: ఆ ప్రతి ఈ మార్పిడికై కొనవలసినది కాదు, మొదటినుండియే ఉండవలసినది. రెయిడు డిస్కు చెడిన కాపాడును. పొరపాటున చెరపిన ఆల్బమును కాపాడదు, చెరపుటను నాలుగు డిస్కులపైనను శ్రద్ధతో అమలుపరచును. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అను దుష్టసాఫ్టువేరు, ఇంటర్నెట్టునకు నేరుగా తెరచియుంచిన క్యూనాప్ పెట్టెలలోని ఫైళ్లకు తాళము వేసి ధనము కోరినప్పుడు రెయిడు ఎవరికిని అక్కరకు రాలేదు.

మన ఊళ్లలో కరెంటు విషయము వేరుగ చెప్పనవసరము లేదు. మే నెల మధ్యాహ్నము రీబిల్డు నడుమ సరఫరా పోయినచో, చాల పెట్టెలు తిరిగి వెలిగినపుడు విడిచిన చోటునుండి సాగించును గాని, వ్రాయుచున్న క్షణమున పోయిన వ్రాతకు హామీ లేదు. యూఎస్‌బీ తీగతో పెట్టెకు కలుపబడు చిన్న యూపీఎస్ కొన్ని నిమిషములు నిలిపి, అప్పటికిని కరెంటు రాకున్న పెట్టెను మర్యాదగా నిద్రపుచ్చును. ఇంటి ఇన్వర్టరు బ్యాటరీపైకి మారునప్పటి క్షణమాత్రపు విరామము ఫ్యానులకు లెక్క కాదు, డిస్కులకు లెక్కయే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నమును తాకినపుడు ఇండ్లలో కిటికీలు పగిలి నీరు చొచ్చి, దినముల తరబడి కరెంటు లేకపోయినది. పెట్టెయు దాని ప్రతియు ఒకే గదిలో ఉన్నవారికి అట్టి దినమున రెండును ఒకటే. ఒక ప్రతి వేరొక ఊరిలో బంధువుల ఇంటనో, క్లౌడులోనో ఉండుట అందుకు.

మిగిలినవి అలమరలోని నాలుగు పాత డిస్కులు. క్రొత్త సమూహము ఒక నెల నిరాటంకముగా నడచిన పిమ్మట వీనిని ఏమి చేయుదుమన్న ప్రశ్న వచ్చును. పాతసామాను కొనువాడు తూకముకింద కట్టు ధర చూచి అమ్మివేయుట, బంధువుల పిల్లవానికి ఇచ్చివేయుట పరిపాటి. ఫైళ్లను తొలగించుటయు, క్విక్ ఫార్మాటు చేయుటయు విషయసూచికను చింపుట వంటివే; వ్రాసినది అట్లే ఉండును. అమెరికాలో సింసన్ గార్ఫింకెల్, అభి షెలాత్ అను ఇద్దరు పాత డిస్కులు 158 కొని పరీక్షించి 2003లో ఫలితములను ప్రకటించిరి: పనిచేసిన 129లో సక్రమముగా చెరపబడినవి 12 మాత్రమే; తక్కినవానిలో వైద్యపత్రములు, ప్రేమలేఖలు, వేలకొలది క్రెడిట్ కార్డు సంఖ్యలు దొరకినవి. రెయిడ్-5 నుండి తీసిన ఒంటరి డిస్కులో సమాచారము ముక్కలుగా ఉండును గనుక భయములేదని కొందరందురు. ఆ ముక్కలు పదుల వందల కిలోబైట్లవి, ఆధారు కార్డు స్కాను ఒకటి సాంతముగా పట్టుటకు చాలును. కావున ఇచ్చివేయుటకు ముందు ప్రతి పాత డిస్కును మొదటి సెక్టారునుండి చివరి సెక్టారువరకు సున్నలతో ఒక్కసారి నింపుడు. 4 టెరాబైట్లకు ఒక రాత్రి పట్టును, చాలును. తిరుగనిదానిని మాత్రము మూత విప్పి, ఫలకములను పాడుచేసి, ఆ పిమ్మటనే ఈ-వ్యర్థములు సేకరించువారికి అప్పగింపుడు.